డౌన్‌లోడ్స్ ఖాళీ అయ్యాయి, ల్యాప్‌టాప్ మాత్రం నెమ్మదిగానే ఉంది

ప్రశ్న: అన్నా, మాది వరంగల్ కొత్తవాడ. ఇంట్లో జంపఖానాల పని. మగ్గాల సంగతి మా ఆయన చూసుకుంటారు. ఆర్డర్లు, డిజైన్ల ఫొటోలు, బిల్లులు నేను ల్యాప్‌టాప్‌లో చూసుకుంటాను. అది కొని ఆరేళ్లయింది. విండోస్ 10, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్. ఆన్ చేశాక పని మొదలుపెట్టడానికి ఏడెనిమిది నిమిషాలు పడుతోంది. మా మరిది కొడుకు ఒక వీడియో చూసి ఫ్రీ క్లీనర్ వేశాడు. అది స్కాన్ చేసి 1,843 సమస్యలు ఉన్నాయంది. అన్నీ సరిచేయమని నొక్కాం. తర్వాత స్టార్టప్‌లో ఉన్నవన్నీ డిజేబుల్ చేశాం. సెట్టింగ్స్‌లో టెంపరరీ ఫైల్స్ అని కనిపిస్తే అన్ని గడుల్లో టిక్కు పెట్టి తీసేశాం. ఇప్పుడు తెలుగు టైప్ చేసే అను సాఫ్ట్‌వేర్‌లో తెలుగు పడటం లేదు. డౌన్‌లోడ్స్‌లో దాచుకున్న డిజైన్లన్నీ పోయాయి. స్పీడ్ మాత్రం పెరగలేదు. క్లీనర్ ఏమో డబ్బు కడితేనే మిగతావి సరిచేస్తానంటోంది. ఒక్కోసారి ఎర్ర స్క్రీన్ వచ్చి ఫలానా నంబరుకు ఫోన్ చేయమంటోంది. టెన్షన్‌తో రెండు రోజులుగా నిద్ర లేదు. ఏం చేయమంటారు?

సమాధానం: చెల్లెమ్మా, ముందు ల్యాప్‌టాప్ షట్‌డౌన్ చేసి, మూత వేసి పక్కన పెట్టండి. ఈ జవాబు ఫోన్‌లోనే చదవండి. మీ డిజైన్లు ఇంకా ఆ హార్డ్ డిస్క్‌లో ఉండే అవకాశం ఉంది. అందుకే ఇంత తొందరపెడుతున్నాను.

హార్డ్ డిస్క్‌లోని ఫైలును తీసేసినప్పుడు విండోస్ దాన్ని అప్పటికప్పుడు తుడిచేయదు. ఈ చోటు ఖాళీ అయిందని తన లెక్కలో రాసుకుంటుంది, అంతే. దాని మీద కొత్తది వచ్చి పడేదాకా పాత ఫైలు అక్కడే ఉంటుంది. చిక్కేమిటంటే, మీరు మౌస్ ముట్టుకోకపోయినా విండోస్ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. అప్‌డేట్లు దింపుకుంటుంది, బ్రౌజర్ తన తాత్కాలిక ఫైళ్లు పెట్టుకుంటుంది. వాటిలో ఏదో ఒకటి మీ డిజైన్ ఉన్న చోటే కూర్చోవచ్చు. కాబట్టి ఆన్‌లో ఉన్న ప్రతి గంటా మీకు నష్టమే. పోయిన ఫైళ్లు తెచ్చే సాఫ్ట్‌వేర్ దింపుదామని మళ్లీ అదే ల్యాప్‌టాప్ తెరిస్తే, ఆ సాఫ్ట్‌వేరే వాటి మీద కూర్చునే ప్రమాదం ఉంది. మీ మరిది కొడుకు ఆ పని మొదలుపెట్టి ఉంటే ఆపమనండి.

ల్యాప్‌టాప్ పక్కన పెట్టాక ఫోన్‌లో వెతకండి. మీరు గిరాకీలకు వాట్సాప్‌లో పంపిన డిజైన్లు ఆ చాట్లలో ఉంటాయి. చాట్ తెరిచి పైన పేరు మీద నొక్కితే అప్పటిదాకా పంపుకున్న ఫొటోలు, డాక్యుమెంట్లు అన్నీ ఒకచోట కనిపిస్తాయి. ఫొటోగా పంపినది కొంచెం నాణ్యత తగ్గి ఉంటుంది. డాక్యుమెంట్‌గా పంపినదైతే అసలు ఫైలు ఎలా ఉందో అలాగే ఉంటుంది. మీ ఫోన్‌లో దొరకకపోతే అవతలివాళ్ల ఫోన్‌లో ఉండొచ్చు, అడగడానికి మొహమాటపడకండి. జీమెయిల్‌లో పంపిన మెయిళ్లు చూడండి. బిల్లులు మీ ఆడిటర్‌కు పంపి ఉంటే ఆయన దగ్గర ఉంటాయి. ఇలా వెతికితేనే సగం పైన దొరకవచ్చని నా నమ్మకం. మిగతా వాటి కోసం డిస్క్ దగ్గరికి వెళదాం. ఆ దారి చివర్లో చెబుతాను, ఎందుకంటే మీ స్పీడ్ సమస్యకు మందు కూడా అక్కడే ఉంది.

డౌన్‌లోడ్స్ పోయిన తీరు నాకు బాగా తెలుసు. 2019లో నర్సంపేటలో మా మేనమామ కంప్యూటర్‌కు అదే పని చేశాను. సి డ్రైవ్ నిండిపోయి ఎర్ర గీత చూపిస్తుంటే, విండోస్‌లోనే ఉండే డిస్క్ క్లీనప్ తెరిచి, ఉన్నవాటన్నిటికీ టిక్కు పెట్టి ఓకే నొక్కాను. అప్పట్లో దాని జాబితాలో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ పేరు కూడా ఉండేది. నేను చదవలేదు. మామయ్య తన పెన్షన్ కాగితాలన్నీ ఒక్కొక్కటే స్కాన్ చేయించి అక్కడే పెట్టుకున్నాడు. అసలు కాగితాలు బీరువాలో ఉన్నాయి కాబట్టి గట్టెక్కాం, కానీ ఎండలో మళ్లీ ఆ కట్ట పట్టుకుని స్కానింగ్‌కు తిరిగింది ఆయన. ఒక్క మాట అనలేదు. ఆ రోజు నుంచి ఎవరి కంప్యూటర్ ముందు కూర్చున్నా ఆ జాబితా పైనుంచి కిందిదాకా పేరు పేరునా చదివాకే నొక్కుతున్నాను. తర్వాత వచ్చిన విండోస్‌లో డిస్క్ క్లీనప్ నుంచి డౌన్‌లోడ్స్‌ను తీసేశారు. సెట్టింగ్స్‌లోని టెంపరరీ ఫైల్స్ జాబితాలో మాత్రం అది ఇప్పటికీ ఉంది. దాని గడిలో టిక్కు ముందే ఉండదు, మనం పెడితేనే పడుతుంది. అక్కడ తీసేసినవి రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు.

మీ తప్పేమీ లేదు చెల్లెమ్మా. తాత్కాలిక ఫైళ్లు అని పైన పేరు పెట్టి, కింద మన సొంత ఫోల్డర్‌ను చూపిస్తే ఎవరైనా పొరబడతారు. మనలో చాలామందికి డౌన్‌లోడ్స్ అంటే ఇంటి ముందు గది లాంటిది. వచ్చిందల్లా అక్కడే పడుతుంది, ఏళ్లకేళ్లు అక్కడే ఉంటుంది. కంప్యూటర్ దృష్టిలో అది వాడి పారేసేవి పెట్టే చోటు. ఇకమీదట డిజైన్లకు డాక్యుమెంట్స్‌లో విడిగా ఒక ఫోల్డర్ చేసుకోండి. వారానికొకసారి దాన్ని పెన్‌డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేయండి.

అదే జాబితాలో నిశ్చింతగా తీసేయదగినవీ ఉన్నాయి. విండోస్ అప్‌డేట్ క్లీనప్, డెలివరీ ఆప్టిమైజేషన్ ఫైళ్లు, టెంపరరీ ఇంటర్నెట్ ఫైళ్లు, ఎర్రర్ రిపోర్టులు తీసేస్తే నష్టం లేదు. థంబ్‌నెయిల్స్ అంటే ఫొటోల చిన్న బొమ్మలు. అవి పోయినా విండోస్ మళ్లీ తయారు చేసుకుంటుంది, మొదటిసారి ఫోల్డర్ తెరిచినప్పుడు కాస్త ఆలస్యమవుతుంది, అంతే. రీసైకిల్ బిన్‌ను తెరిచి చూశాకే ఖాళీ చేయండి. ప్రీవియస్ విండోస్ అని ఉంటే అది పాత విండోస్ మొత్తం. పెద్ద అప్‌డేట్ తర్వాత ఏదైనా తేడా వస్తే వెనక్కి వెళ్లడానికి పది రోజులపాటు ఉంచుతారు. ఆ పది రోజులూ దాన్ని ముట్టుకోవద్దు. స్టోరేజ్ సెన్స్ అని ఇంకొకటి ఉంటుంది, తనంతట తానే శుభ్రం చేస్తుంది. దాన్ని వాడాలనుకుంటే లోపల డౌన్‌లోడ్స్ ఎదురుగా 'నెవర్' అని ఉందో లేదో చూసుకోండి.

ఇక తెలుగు టైపింగ్. ఇది మీరు అనుకున్నంత పెద్ద సమస్య కాదు. అను పోలేదు. అక్షరాలను తెలుగులోకి మార్చే దాని మేనేజర్ వెనకాల నడుస్తూ ఉంటేనే తెలుగు పడుతుంది. ఇన్నాళ్లూ ల్యాప్‌టాప్‌తో పాటు అదీ లేచేది కాబట్టి అది ఉన్నట్టే మీకు తెలియలేదు. స్టార్టప్‌లో అన్నిటితో పాటు దాన్నీ ఆపేశారు. స్టార్ట్ మెనూలో దాని పేరు వెతికి ఒకసారి తెరిస్తే టైపింగ్ వచ్చేస్తుంది. స్టార్టప్ జాబితాలో మళ్లీ ఎనేబుల్ చేస్తే రోజూ వస్తుంది. మనసు ఆగడం లేదని ఇప్పుడే ఆన్ చేసి చూడకండి, డిస్క్ పని అయ్యేదాకా ఓపిక పట్టండి.

మీరు చేసిన మూడు పనుల్లో స్టార్టప్‌ది ఒక్కటే పూర్తిగా వెనక్కి తిప్పుకోగలిగినది. డిజేబుల్ చేయడమంటే ప్రోగ్రాంను తీసేయడం కాదు, పొద్దున్నే దాన్ని నిద్ర లేపకపోవడం. మనకు కావాల్సినప్పుడు తెరిస్తే మామూలుగానే తెరుచుకుంటుంది. ఏ పరికరం వాడినా ముందు ఈ తేడా చూడండి: నొక్కితే ఆగుతుందా, చెరిగిపోతుందా? ఆపేదైతే ధైర్యంగా ప్రయత్నించవచ్చు. చెరిపేదైతే అక్కడ ఏముందో తెలిసేదాకా చెయ్యి వెనక్కి పెట్టుకోండి.

స్టార్టప్ చూడటానికి బయటి సాఫ్ట్‌వేర్ ఏదీ అక్కర్లేదు. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. చిన్నగా వస్తే కింద 'మోర్ డీటెయిల్స్' నొక్కండి. స్టార్టప్ అనే భాగంలో ఒక్కో ప్రోగ్రాం పేరు, దాన్ని తయారుచేసిన కంపెనీ, ఎనేబుల్ అయి ఉందా లేదా, అది లేవడం వల్ల పడే భారం వరుసగా ఉంటాయి. భారం 'హై' అని ఉందంటే, ఆ ప్రోగ్రాం లేచేటప్పుడు ప్రాసెసర్‌ను ఒక సెకను కంటే ఎక్కువగానో, డిస్క్‌ను 3 ఎంబీ కంటే ఎక్కువగానో వాడుకుందని అర్థం. అది వైరస్ అనీ, చెడ్డదనీ కాదు. మీ అను మేనేజర్ కూడా 'హై' చూపించవచ్చు, అయినా మీకు అది కావాలి.

ఆ జాబితాలో మీటింగ్ యాప్‌లు, పాటల యాప్‌లు, గేమ్‌ల లాంచర్లు, పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేటర్లు, ప్రింటర్‌లో ఇంక్ ఎంతుందో చూపే బొమ్మలు సాధారణంగా ఉంటాయి. వీటిని ఆపేయండి. ప్రింటర్ ప్రింటు తీస్తూనే ఉంటుంది. సౌండ్‌కు సంబంధించిన రియల్‌టెక్, టచ్‌ప్యాడ్‌కు సంబంధించిన సినాప్టిక్స్ లేదా ఎలాన్ లాంటి పేర్లను వదిలేయండి. మన ఫైళ్లను ఆన్‌లైన్‌లో దాచే వన్‌డ్రైవ్ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. మీ డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ అందులోకి బ్యాకప్ అవుతుంటే దాన్ని ఆపిన రోజు నుంచి బ్యాకప్ కూడా ఆగిపోతుంది, ఆ సంగతి మీకు ఎవరూ చెప్పరు. ఇంకో సంగతి, వన్‌డ్రైవ్ ఫోల్డర్‌లోంచి ఫైలు తీసేస్తే ఆన్‌లైన్‌లోనూ పోతుంది. ఇక్కడ తీసినా అక్కడ ఉంటుందిలే అనుకుని నష్టపోయినవాళ్లు ఉన్నారు.

అన్నీ ఒకేసారి ఆపొద్దు. ఈ రోజు రెండు ఆపండి, రీస్టార్ట్ చేయండి, ఒక రోజు వాడి చూడండి. ఏ తేదీన ఏది ఆపారో ఆర్డర్ల పుస్తకం వెనక పేజీలో రాసుకోండి. తేడా వస్తే దేనివల్ల వచ్చిందో అప్పుడు తెలుస్తుంది. మీరు అన్నీ ఒకేసారి ఆపారు కాబట్టే తెలుగు ఎందుకు పోయిందో పట్టుకోలేకపోయారు. షట్‌డౌన్ చేసి ఆన్ చేయడానికీ రీస్టార్ట్‌కూ కూడా తేడా ఉంది. విండోస్ 10లో ఫాస్ట్ స్టార్టప్ ఉంటే షట్‌డౌన్ చేసినా కంప్యూటర్ తన పనిలో కొంత భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మళ్లీ అక్కడి నుంచే లేస్తుంది. పూర్తిగా కొత్తగా లేవాలంటే రీస్టార్టే నొక్కాలి.

వీడియోల్లో ఎంఎస్‌కాన్ఫిగ్ అని ఒకటి చూపిస్తుంటారు. అందులో బూట్ అనే భాగం ఉంటుంది. ప్రాసెసర్ల సంఖ్య, గరిష్ఠ మెమరీ అని గడులు ఉంటాయి. అవి పెంచితే స్పీడ్ వస్తుందని చెబుతారు. అది అబద్ధం. ఏ టిక్కూ లేకపోతే విండోస్ తనకు ఉన్నదంతా వాడుకుంటుంది, అక్కడ అంకె వేస్తే తగ్గించుకుంటుంది. సర్వీసెస్ భాగం కూడా అంతే, తెలియకుండా వేలు పెట్టకండి. ఇంట్లో ఎవరైనా ఆధార్ వేలిముద్ర మెషిన్ వాడుతుంటే అది పనిచేయడానికి కావాల్సిన ఆర్‌డీ సర్వీస్ అనే ప్రోగ్రాం అక్కడే ఉంటుంది. అది ఆగితే వేలు ఎన్నిసార్లు పెట్టినా తీసుకోదు. మెషిన్ పాడైందనుకుని కొత్తది కొంటారు.

ఇప్పుడు ఆ 1,843 సమస్యల సంగతి. ఇలాంటి క్లీనర్లు ఒక్కో కుకీని, ఒక్కో తాత్కాలిక ఫైలును, ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాం రిజిస్ట్రీలో మిగిల్చిన ఒక్కో ఖాళీ వరుసను ఒక్కో సమస్యగా లెక్కపెడతాయి. కొత్తగా కొన్న కంప్యూటర్‌ను వారం వాడి స్కాన్ చేసినా వందల్లో చూపిస్తాయి. రిజిస్ట్రీ అంటే విండోస్‌కు పహాణీ లాంటిది. ఏ ప్రోగ్రాం ఎక్కడుంది, ఏ ఫైలును ఏది తెరవాలి, ఏ సెట్టింగ్ ఎలా ఉంది అన్నీ అందులోనే ఉంటాయి. పహాణీలో చనిపోయినవాళ్ల పేరు కనిపించిందని ఆ వరుస చింపేస్తే భూమి బాగుపడదు, ఒక్కోసారి పక్క సర్వే నంబరు వాళ్లకు చిక్కు వస్తుంది. వందల వరుసలు తీసేసినా మిగిలేది కొన్ని కిలోబైట్లు. వాటివల్ల స్పీడ్ పెరగదు. రిజిస్ట్రీ క్లీనర్ల వాడకాన్ని తాము సమర్థించబోమని, వాటివల్ల విండోస్‌ను మళ్లీ వేసుకోవాల్సిన పరిస్థితి కూడా రావచ్చని మైక్రోసాఫ్ట్ చెప్పింది. రిజిస్ట్రీ క్లీనర్ పేరుతో ఉన్నది ఏదైనా సరే, ఫ్రీ అయినా, డబ్బు కట్టేదైనా వద్దనే నా మాట.

పేరున్న కంపెనీది అయితే పర్వాలేదు కదా అని మీ మరిది కొడుకు అడగవచ్చు. 2017లో ఏం జరిగిందో చెప్పండి. ప్రపంచమంతా వాడే సీక్లీనర్ 5.33 వెర్షన్‌లోకి హ్యాకర్లు తమ కోడ్ చొప్పించారు. ఆగస్టు 15 నుంచి సెప్టెంబరు 12 దాకా అసలు కంపెనీ సైట్ నుంచి దింపుకున్నవాళ్లకు కూడా అదే వచ్చింది. దాదాపు 22.7 లక్షల కంప్యూటర్లలోకి వెళ్లిందని కంపెనీయే ప్రకటించింది, తర్వాత సరిచేసింది. ఆ సాఫ్ట్‌వేర్‌ను తిట్టడానికి ఇది చెప్పడం లేదు. క్లీనర్ అంటే మన ఇంట్లో ప్రతి గదికీ తాళంచెవి ఉన్న మనిషి. విండోస్ చేయగలిగిన పనికి అంత అధికారం ఇంకొకరికి ఎందుకివ్వాలన్నదే నా ప్రశ్న.

ఎర్ర స్క్రీన్ మీద వచ్చే నంబరుకు ఎట్టి పరిస్థితుల్లోనూ ఫోన్ చేయకండి. మైక్రోసాఫ్ట్ తన ఎర్రర్ మెసేజీల్లో ఫోన్ నంబరు ఎప్పుడూ ఇవ్వదు. నంబరు కనిపించిందంటేనే అది మోసం. ఫోన్ చేస్తే తియ్యగా మాట్లాడి, స్క్రీన్ చూపించే యాప్ వేయించి, బ్యాంకు దాకా వెళతారు. ఇంట్లో ఎవరైనా ఇప్పటికే ఫోన్ చేసి ఉంటే, డబ్బు పోయి ఉంటే, ఇది చదవడం ఆపి వెంటనే 1930కు ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెబితే ఆ డబ్బు అవతలి ఖాతాలో ఆగే అవకాశం అంత ఎక్కువ. ఆ స్క్రీన్ ఎక్కువసార్లు బ్రౌజర్‌లోంచే వస్తుంది, ఏదో సైట్‌కు నోటిఫికేషన్ల అనుమతి ఇచ్చి ఉంటాం. ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కితే మూసుకుంటుంది. మూసుకోకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎంచుకుని ఎండ్ టాస్క్ చేయండి. క్లీనర్ వేసినప్పటి నుంచి మీ బ్యాంకు కార్డు వివరాలు, పాస్‌వర్డ్‌లు ఆ ల్యాప్‌టాప్‌లో కొట్టి ఉంటే వేరే ఫోన్ నుంచి మార్చుకోండి.

ఇన్ని చెప్పాక అసలు సంగతికి వస్తాను. మీ ల్యాప్‌టాప్ చెత్త వల్ల నెమ్మదించలేదు. అందులోని హార్డ్ డిస్క్ వల్ల నెమ్మదించింది. ల్యాప్‌టాప్‌లలో వచ్చే హార్డ్ డిస్క్ ఎక్కువగా నిమిషానికి 5,400 సార్లు తిరిగే రకం. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. విండోస్ 10 లేచేటప్పుడు వేలకొద్దీ చిన్న ఫైళ్లు అడుగుతుంది. అవి డిస్క్ మీద ఒక్కోటి ఒక్కో మూలన ఉంటాయి. ప్రతిదాని కోసం డిస్క్‌ను చదివే ముల్లు కదలాలి, ఫైళ్లున్న పళ్లెం తిరిగి ఆ చోటు ముల్లు కిందికి రావాలి. నాడెలో కండె అయిపోయిన ప్రతిసారీ మగ్గం ఆపి లేచి వెళ్లి తెచ్చుకోవడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ దగ్గర 100 శాతం అని చాలాసేపు కనిపించడం మీరు చూసే ఉంటారు. హార్డ్ డిస్క్ బదులు వేసుకునే ఎస్ఎస్‌డీ చిప్‌లతో చేసినది, దాంట్లో తిరిగే పళ్లెమే లేదు. ఏడెనిమిది నిమిషాలు పట్టేది ఒక నిమిషంలోపు రావడం నేను చాలాసార్లు చూశాను. డబ్బు పెట్టదలిస్తే క్లీనర్‌కు కాదు, దీనికి పెట్టండి. మీ పనికి 256 జీబీ చాలు, 512 అయితే నిశ్చింత. ర్యామ్ కూడా 4 నుంచి 8కి పెంచగలరేమో అడగండి. కొన్ని మోడళ్లలో అది బోర్డుకే అతికించి ఉంటుంది, అప్పుడు కుదరదు.

ఈ మార్పిడిలోనే మీ డిజైన్లకు దారి ఉంది. పాత డిస్క్‌ను ఇప్పుడున్నది ఉన్నట్టు బయటికి తీయించండి. దాని మీద ఇక ఏదీ రాయదు కాబట్టి లోపలున్నవి అలాగే ఉంటాయి. కొత్త ఎస్ఎస్‌డీలో విండోస్ కొత్తగా వేయిస్తే క్లీనర్, ఎర్ర స్క్రీన్, చెడిన రిజిస్ట్రీ ఏవీ వెంట రావు. షాపులో క్లోన్ చేసిస్తాం, అన్నీ ఎలా ఉన్నవి అలాగే వస్తాయి అంటారు. వద్దనండి. ఆ గొడవంతా కూడా వస్తుంది, పోయిన డిజైన్లు మాత్రం మామూలు క్లోనింగ్‌లో రావు. మీ విండోస్ లైసెన్స్ బోర్డుకు ముడిపడి ఉంటుంది కాబట్టి నెట్ కలపగానే సాధారణంగా అదే యాక్టివేట్ అవుతుంది, మళ్లీ కొనక్కర్లేదు. అను సీడీ, కీ ఇంట్లో ఉన్నాయో లేదో మాత్రం ముందే చూసుకోండి. ఇంకోటి, విండోస్ 10కు ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగాయి. పేరు నమోదు చేసుకున్న ఇళ్ల కంప్యూటర్లకు 2026 అక్టోబరు 13 దాకా పొడిగించారు. మీ ప్రాసెసర్ విండోస్ 11కు సరిపోతే ఎలాగూ కొత్తగా వేయిస్తున్నారు కాబట్టి అదే వేయించండి. ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతిది కావాలి.

పాత డిస్క్‌ను యూఎస్‌బీ కేసులో పెడితే పెద్ద పెన్‌డ్రైవ్‌లా పనిచేస్తుంది. ఉన్న ఫైళ్లు మామూలుగా కాపీ చేసుకోవడానికైతే తొందర లేదు. ముందు పోయిన ఫైళ్లు తెచ్చే ప్రోగ్రాంను కొత్త ఎస్ఎస్‌డీలో వేసి, పాత డిస్క్‌ను చదివించండి. దొరికినవాటిని కూడా ఎస్ఎస్‌డీలోకే తీసుకోవాలి, పాత డిస్క్ మీద ఒక్క ఫైలు కూడా పెట్టకూడదు. 1 టీబీ చదవడానికి గంటలు పడుతుంది, మధ్యలో ఆపకండి. పేర్లు పోయి అంకెలతో వచ్చినా ఫొటోలు తెరిచి చూస్తే ఏది ఏదో మీరు గుర్తుపడతారు. అన్నీ వస్తాయని మాట ఇవ్వలేను, రెండు రోజులు ల్యాప్‌టాప్ నడిచింది కాబట్టి కొన్ని పోయి ఉండొచ్చు. ఇదే ఎస్ఎస్‌డీలోంచి పోయి ఉంటే ఆ ఆశ కూడా ఉండేది కాదు. అది తీసేసిన చోటును వెంటనే తుడుచుకుంటుంది. కొత్తదానికి వారం వారం కాపీ ఎందుకు తప్పదో దీన్నిబట్టి చూడండి.

ల్యాప్‌టాప్ విప్పించినప్పుడే ఫ్యాన్ కూడా చూడమనండి. మగ్గాల ఇళ్లలో, ఎనుమాముల మార్కెట్ దగ్గరి దుకాణాల్లో విప్పిన ల్యాప్‌టాప్‌లలో దూది నుసి మెత్తటి చాపలా పేరుకుని ఉంటుంది. గాలి ఆడక లోపల వేడెక్కితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏ క్లీనర్ స్కాన్‌లోనూ అది కనిపించదు.

షాపుకు మీ మరిది కొడుకును వెంట తీసుకెళ్లండి, కోప్పడకండి, వాడు మీకు సాయం చేయాలనే చేశాడు. డిస్క్ తీసేటప్పుడు ఇద్దరూ ఎదురుగా ఉండండి. పాతది ఇచ్చేస్తే కొత్తదాంట్లో కొంత తగ్గిస్తామని అడగవచ్చు. ఇవ్వకండి. మీ డిజైన్లు, గిరాకీల పేర్లు, బ్యాంకు కాగితాలు అన్నీ దాంట్లోనే ఉన్నాయి. పైలంగా సంచిలో పెట్టుకుని ఇంటికి తెచ్చుకోండి.